ఏ మాటకి నా నంబరు చూపించారు?

విజయనగరం దాసన్నపేటలో ఏ ఇంట్లో పురుడు జరిగినా, తల్లీబిడ్డా ఆస్పత్రి నుంచి ఇల్లు చేరకముందే జగ్గమ్మకి కబురు వెళ్ళిపోయేది. పసిబిడ్డలకి లాల పోయడం, బాలింతలకి ఒళ్ళు పట్టి వేణ్ణీళ్ళు పోయడం ఆవిడ పని. మా ఇద్దరు పిల్లలకీ ఆవిడే పోసింది. నేను మునిసిపల్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా వీధి చివరి రేకుల ఇంట్లోనే జగ్గమ్మ, ఆవిడ భర్త జగన్నాధం, కూతురు రేఖ ఉండేవాళ్ళు. 2018లో ఆ ఇంటికి జరిగిన అన్యాయం మొదటినుంచీ చివరిదాకా దగ్గరుండి చూశాను. విన్నవాళ్ళంతా "పోనిద్దురూ, ఫోన్లన్నాక అలాంటివి వస్తాయి" అని తేల్చేశారు. నాకు పోనివ్వబుద్ధి కాలేదు.

జగ్గమ్మ పుట్టింది రామతీర్థం దగ్గర ఒక పల్లెలో. తండ్రికి కొంచెం మెట్ట, కొంచెం పల్లం ఉండేవి. పెళ్ళయ్యాక తాతమ్మ అనే అత్తగారి దగ్గర ఈ పని పట్టుబడింది. జగన్నాధానికి జూట్ మిల్లులో పని దొరికితే టౌనుకి వచ్చేశారు. ఆ మిల్లు తెరుస్తారో, మూస్తారో ఏ నెలా ఎవరికీ తెలిసేది కాదు. ఇల్లు నడిచింది జగ్గమ్మ చేతుల మీదే.

ఆవిడ లాల పోస్తుంటే చూడాలి. పెరట్లో గచ్చు మీద కాళ్ళు బారజాపి కూర్చుని, బిడ్డని ఆ కాళ్ళ మీద వేసుకుని, గోరువెచ్చటి నువ్వుల నూనె ముందు తన అరచేతుల్లో రుద్దుకుని చూసుకునేది. అప్పుడుగాని బిడ్డ ఒంటికి తాకనిచ్చేది కాదు. బిడ్డ కేకలు పెడుతుంటే తను మాట్లాడుతూనే ఉండేది. "ఏటిరా బుగతా, ఏటంత కోపం? నాను నిన్ను కొట్టినానేటి? అయిపోనాది, అయిపోనాది, ఇంక ముక్కొక్కటే." ఆవిడ దగ్గర ఒక బొత్తాల ఫోను ఉండేది. పని మధ్యలో మోగితే చేతులకి నూనె కదా, ఆ ఇంటి బాలింతనో, అమ్మమ్మనో పిలిచేది. "ఓలమ్మా, ఆ ఫోనెత్తి బైటికి ఇనబడేలా ఎట్టు తల్లీ!" అందరి ముందూ అలాగే మాట్లాడేది. దాచుకునే మాట ఆవిడకి ఒక్కటీ ఉండేది కాదు.

రేఖ డిగ్రీ చదివి ఒక నర్సింగ్ హోమ్ కౌంటర్లో కూర్చునేది. బదిలీల మీద ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు, రైల్వేవాళ్ళు, బ్యాంకువాళ్ళు, అక్కడ పురుళ్ళు పోసుకునేవాళ్ళు. బిడ్డని ఎలా ఎత్తుకోవాలో తెలీక బిక్కమొహాలు వేసుకుని, లాల పోసేవాళ్ళు ఎక్కడ దొరుకుతారో ఫోనులో వెతుక్కునేవాళ్ళు. అది చూసి రేఖకి ఒక ఆలోచన వచ్చింది. అమ్మ నంబరు ఆ వెతుకులాటలో కనబడితే?

ఎత్తు బ్రిడ్జి దగ్గర ఒక మేడ మీద ప్రదీప్ అనే అతను గది తీసుకుని ఇంటర్నెట్లో ప్రకటనలు పెట్టిపెడుతుండేవాడు. అతను రేఖకి సులువుగానే చెప్పాడు. "మీరు కొన్ని మాటలు ఎంచుకోండి. ఎవరైనా ఆ మాటలు కొట్టి వెతికితే అందరికంటే పైన మీ ప్రకటన కనిపిస్తుంది. దాని మీద నొక్కితే నేరుగా మీ అమ్మగారి ఫోను మోగుతుంది. నొక్కినప్పుడు మాత్రమే మీకు ఖర్చు."

అయితే అప్పటికి ఆ వెతుకులాట నడిపే కంపెనీ తెలుగులో ప్రకటనలు తీసుకోవడం లేదట. మాటలు ఇంగ్లీషులో ఇవ్వాలట. రేఖ సాయంత్రం మా ఇంటికి వచ్చింది.

"మేడమ్, లాల పొయ్యడాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

లాల, నలుగు, మర్దన, ఒళ్ళు పట్టడం, కాళ్ళు పిసకడం. మనకి ఒక్కో పనికి ఒక్కో మాట ఉంది. ఇంగ్లీషులో ఆలోచిస్తే నాకూ ఏమీ తోచలేదు. "బేబీ మసాజ్ అని పెట్టమంటున్నారు ప్రదీప్‌గారు" అంది రేఖ. వెతికేవాళ్ళు కూడా అదే కొడతారు కాబట్టి సరే అనుకున్నాం. "బేబీ మసాజ్ విజయనగరం", "బేబీ మసాజ్ ఎట్ హోమ్", ఇలాంటివి నాలుగైదు ఇచ్చి వచ్చింది.

మొదట్లో బాగానే ఉంది. రైల్వే క్వార్టర్స్ నుంచి ఒక బెంగాలీ అమ్మాయి పిలిచింది. కంటోన్మెంట్ నుంచి ఒక బ్యాంకు ఆఫీసరు భార్య పిలిచింది. జగ్గమ్మ మురిసిపోయింది. "ఆ పిల్ల మాట నాకు తెల్దు, నా మాట ఆ పిల్లకి తెల్దు. గుంటడి ఏడుపు మట్టుకు మన ఏడుపే టీచరమ్మా!" అని నవ్వేది.

తర్వాత వేరే ఫోన్లు మొదలయ్యాయి.

మొదటిది వచ్చినప్పుడు ఆవిడకి అర్థమే కాలేదు. ఎవడో మగాడు, "మసాజ్ చేస్తావా?" అన్నాడు.

"సేస్తాను బాబూ. ఎన్నో నెల?"

"ఏంటి?"

"గుంటడికి ఎన్నో నెల అంటన్నాను."

అవతల ఇద్దరు ముగ్గురు కలిసి నవ్వారు. తర్వాత ఒక మాట అన్నాడు వాడు. ఆ మాట జగ్గమ్మ నాకు చెప్పలేదు, నేను అడగలేదు. తప్పు నంబరనుకుని పెట్టేసింది. మర్నాడు ఇంకొకడు. ఆ మర్నాడు మళ్ళీ. ఎవరికీ చెప్పకుండా తనలో తనే దాచుకుంది. ఒకసారి ఆవిడ నీళ్ళ బిందెతో బయటికి వెళ్ళినప్పుడు ఫోను జగన్నాధం తీశాడు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగడు. అలాంటి మనిషి ఆవేళ మిల్లులో విన్న తిట్లన్నీ ఏకరువు పెట్టాడు. వీధిలోకి వినబడింది. రేఖ పరుగెత్తుకొచ్చి ఫోను లాక్కుంది. అప్పుడు ఆ పిల్ల కూడా విన్నది.

రేఖకి ఒంటరిగా ప్రదీప్ దగ్గరికి వెళ్ళడానికి సిగ్గేసింది. "మీరు రండి మేడమ్" అంటే, జగ్గమ్మతో కలిసి ముగ్గురం వెళ్ళాం.

ప్రదీప్ కంప్యూటర్లో ఒక పట్టిక తెరిచాడు. జనం ఏ మాటలు కొడితే జగ్గమ్మ ప్రకటన కనిపించిందో అందులో వస్తాయి. పైన రెండు మూడు బాగానే ఉన్నాయి. కిందికి వెళ్ళేకొద్దీ "లేడీ మసాజ్ విజయనగరం", "మసాజ్ గర్ల్ ఫోన్ నంబర్"... ఆ తర్వాత ఉన్నవి నేనిక్కడ రాయను. రేఖ గోడవైపు తిరిగిపోయింది.

"మేము ఇచ్చిన మాట బేబీ మసాజ్ కదా? ఇందులో బేబీ ఏది?" అన్నాను.

"అంటే మేడమ్, మాటని మామూలుగా వదిలేస్తే దానికి దగ్గరగా ఉన్నవాటన్నిటికీ చూపిస్తుంది. ఎక్కువమందికి చేరుతుంది కదా అని నేనే అలా ఉంచాను."

"ఇది దగ్గరగా ఉందా?"

"ఉందని అది అనుకుంటుంది."

అంతవరకూ స్టూలు మీద ఒదిగి కూర్చున్న జగ్గమ్మ తలెత్తింది. "ఎవులు అనుకుంటారు బాబూ?"

"మనుషులు కాదమ్మా. మిషను."

"ఆ మిసనుకి పిల్లలున్నారేటి?"

ప్రదీప్ నవ్వబోయి మానుకున్నాడు. దుర్మార్గుడేం కాదు అతను. నూరు కొట్లకి ప్రకటనలు పెట్టాడు, అందులో ఇదొకటి, అంతే. అందరికంటే నాకు కోపం తెప్పించింది ఆ "అంతే".

అతను రెండు మార్పులు చేస్తానన్నాడు. మొదటిది, మా మాటలకి అటూ ఇటూ బ్రాకెట్లు పెట్టి, అచ్చంగా ఆ మాటలే కొడితేనే చూపించమనడం. రెండోది, వద్దన్న మాటలు విడిగా చెప్పడం. ఆ రెండోది వింటే నాకు మతిపోయింది. మనం కావాలన్న మాట దగ్గర ఆ మిషను తనంతట తనే స్పెల్లింగులు సర్దుకుంటుంది, అటూ ఇటూ పాకుతుంది. వద్దన్న మాట దగ్గర మాత్రం ఒక్క అక్షరం తేడా వచ్చినా దానికి తెలీదట. ఎవడైనా తప్పు స్పెల్లింగు కొడితే అది వేరే మాట కింద లెక్కట. కాబట్టి తప్పులన్నీ మనమే ఊహించి ఒక్కొక్కటిగా రాసివ్వాలి.

ఆ మధ్యాహ్నం, పిల్లలకి అక్షరదోషాలు దిద్దే నేను, ప్రదీప్ గదిలో కూర్చుని బూతు మాటల్ని ఎన్నిరకాల తప్పులతో రాయవచ్చో రాసిచ్చాను. పక్కన రేఖ, పెళ్ళికాని ఆడపిల్ల, కూర్చుని అవి టైపు చేసింది. మంచిని సాగదీయడానికి అంత తెలివి, చెడుని ఆపడానికి ఇంత మొద్దుతనం! ఒకే మిషనుకి రెండూ ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఫోను మోగితే వాళ్ళకి డబ్బు, మోగకపోతే లేదు. బహుశా కారణం అందులోనే ఉండి ఉంటుంది.

ఏదైతేనేం, ఫోన్లు తగ్గాయి. జగ్గమ్మ తేరుకుంది.

గంటస్తంభం దగ్గర హోల్‌సేలు కిరాణా కొట్టున్న నగరేశ్వరరావుగారింట్లో అప్పుడే మనవరాలు పుట్టింది. కోడలు ఝాన్సీలక్ష్మిది చీపురుపల్లి. మామూలుగానైతే పుట్టింట్లో పురుడు పొయ్యాలి, కానీ కాన్పు కష్టమవుతుందని డాక్టరమ్మ టౌను దాటనివ్వలేదు. నగరేశ్వరరావుగారి భార్య సూర్యకాంతం జగ్గమ్మని పిలిపించింది. ఆ ఇంటికి జగ్గమ్మ కొత్త కాదు. సూర్యకాంతం కొడుకు ఆనంద్‌కుమార్, అంటే ఇప్పుడు తండ్రైన అతను, జగ్గమ్మ ఈ ఊరొచ్చిన కొత్తలో లాల పోసిన బిడ్డే.

తిత్లీ తుపాను శ్రీకాకుళం వైపు చెట్టూ చేమా పడగొట్టిపోయిన వారంలో జరిగింది ఇది. పెరట్లో జగ్గమ్మ పాపని కాళ్ళ మీద వేసుకుని ఉంది. సూర్యకాంతం కాగులో వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు కలుపుతోంది. నగరేశ్వరరావుగారూ, ఆనంద్‌కుమారూ వసారాలో కాఫీ తాగుతున్నారు. ఫోను మోగింది.

"ఓలమ్మా, ఝాన్సమ్మా, బైటికి ఇనబడేలా ఎట్టు తల్లీ!"

ఝాన్సీలక్ష్మి బొత్తాం నొక్కి జగ్గమ్మ దగ్గరగా పట్టుకుంది.

"హలో, హోమ్ మసాజ్ కదా? నువ్వొక్కదానివే వస్తావా, ఇంకెవరినైనా తెస్తావా?" అన్నాడు వాడు. ఝాన్సీలక్ష్మికి అర్థమై బొత్తాం వెతుక్కునేలోపల ఇంకో రెండు మాటలు కూడా అన్నాడు. పెరడంతా విన్నది. వసారాలో కప్పు కింద పెట్టిన చప్పుడైంది.

"ఏటిది జగ్గమ్మా?" అంది సూర్యకాంతం.

"తెల్దమ్మా. ఎవుడో ఎదవ."

ఫోను మళ్ళీ మోగింది. వాడే. ఈసారి సూర్యకాంతం లాక్కుని ఆపేసింది.

జగ్గమ్మ చేస్తున్న పని వదిలిపెట్టలేదు. పాపకి నీళ్ళు పోసి, తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, బట్ట చుట్టి తల్లి చేతికిచ్చింది. తను చేతులు కడుక్కుని వీధి గుమ్మం దాటుతుంటే సూర్యకాంతం వెనకాలే వచ్చింది.

"రేపట్నుంచి రావద్దు."

"నానేటి సేసినానమ్మా?"

"ఏం చేశావో, ఏం చెయ్యలేదో నేనడగను. మాది నలుగురూ వచ్చిపోయే ఇల్లు."

"అడగమ్మా. అడిగితే సెప్తాను కదా!"

తలుపు వేసేసింది.

సాయంత్రానికి వీధికంతటికీ తెలిసింది. మరో రెండిళ్ళవాళ్ళు, "మా అమ్మొచ్చింది, ఆవిడే పోసుకుంటానంటోంది" అని కబురు చేశారు. ఒకావిడ నా దగ్గరే గొంతు తగ్గించి, "ఏమోనండీ, నిప్పు లేకుండా..." అని మొదలుపెట్టింది. నేను మాట పూర్తి చెయ్యనివ్వలేదు. ఆవిడతో ఈ రోజుకీ నాకు మాటల్లేవు.

మర్నాడు నేను బడికి వెళ్ళబోతుంటే జగ్గమ్మ వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుంది.

"టీచరమ్మా, సెలవెట్టు. ఆ కుర్రోడి కాడికి పోదాం."

ఈసారి ఆవిడే ముందు నడిచింది. మేడ మెట్లు ఎక్కుతూనే అడిగింది. "ఏం బాబూ, ఆగిపోద్దన్నావు. మల్లీ ఏల వస్తన్నాయి?"

ప్రదీప్ వెతికి చూసి మొహం వేలాడేశాడు. "నేనేమీ మార్చలేదమ్మా. కంపెనీవాళ్ళే రూలు మార్చారు. అచ్చంగా ఇదే మాట అని మనం బ్రాకెట్లు పెట్టినా సరే, అదే అర్థం అనిపించిన వేరే మాటలకి కూడా ఇప్పుడు చూపిస్తున్నారు."

"బేబీ మసాజ్ ఎట్ హోమ్, హోమ్ మసాజ్, రెండూ ఒకే అర్థమా?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

"అలా అనుకున్నట్టుంది మేడమ్."

"అచ్చంగా అన్న మాటకి అర్థం కూడా వాళ్ళే మార్చేశారన్నమాట. మమ్మల్ని అడిగారా?"

"నన్నూ అడగలేదు మేడమ్. ఎప్పుడో ఒక మెయిల్ పంపారు. రోజుకి ఎన్నో వస్తాయి."

"సరే, ఏ మాటలకి చూపించారో తెరువు. మళ్ళీ వద్దని రాసిద్దాం."

తెరిచాడు. నాలుగంటే నాలుగు మాటలున్నాయి. నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. వాటి కింద ఒకే ఒక్క వరసలో "ఇతర పదాలు" అని ఉంది. మోగిన ఫోన్లలో సగానికి పైగా ఆ వరస ఖాతాలోనే ఉన్నాయి.

"దాని మీద నొక్కు."

"నొక్కినా తెరుచుకోదు మేడమ్. అవి చూపించరు."

"కనబడని మాటని వద్దని ఎలా చెబుతాం?"

"చెప్పలేం."

జగ్గమ్మకి మా మాటల్లో సగం అర్థమయ్యాయో లేదో. ఆ వరస మీద వేలు పెట్టి అడిగింది. "ఇందులో ఉన్నాదా బాబూ, ఆడు కొట్టిన మాట?"

"ఉండే ఉంటుందమ్మా."

"అది నాకు సూపించు. ఏ మాట కొడితే నా నంబరు సూపించినారో నాకు తెలవాల."

ప్రదీప్ మా ముందే కంపెనీవాళ్ళకి రాశాడు. జవాబు రావడానికి కొన్నాళ్ళు పట్టింది. వచ్చాక తీసుకొచ్చి నాకే ఇచ్చాడు, జగ్గమ్మకి చెప్పే ధైర్యం లేక. ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా ఉంది. సంప్రదించినందుకు కృతజ్ఞతలు. వెతికేవారి గోప్యతను కాపాడటం తమకు ముఖ్యం కనుక, తక్కువమంది వాడిన పదాలను ప్రకటనదారులకు చూపించలేమని ఉంది.

మా అరుగు మీద కూర్చోబెట్టి ఆవిడకి తెలుగులో చెప్పాను. గోప్యత అంటే ఏమిటని అడిగింది.

"వెతికినవాడు సిగ్గుపడకుండా, వాడెవడో, ఏం వెతికాడో బయటపడకుండా చూడ్డం."

జగ్గమ్మ లేచి నిలబడింది.

"ఆడికి సిగ్గున్నాదేటి? ఆడి సిగ్గు ఆల్లు కాస్తారేటి? మరి నా సిగ్గో? నా నంబరు ఊరందరికీ సూపించినారు. నా కూతురు ఇన్నాది, నా మొగుడు ఇన్నాడు, సూర్యకాంతమ్మ ఇల్లంతా ఇన్నాది. నాది దాసడానికి ఒక్కడు లేడు గానీ, ఆడిది దాసడానికి అంత పెద్ద కంపినీయా? ఎవులమ్మా ఆల్లు? ఏ ఊర్లో ఉంటారు? నాను పోయి అడుగుతాను. రైలెక్కి పోతాను, సెప్పు!"

ఏ ఊరని చెప్పను?

గంటస్తంభం దగ్గర ఏ గోడ మీదో ఎవడో జగ్గమ్మ నంబరు రాసి, పక్కన బూతు మాట రాశాడనుకోండి. ఆ గోడ ఎవరిదో తెలుస్తుంది. వెళ్ళి అడుగుతాం, సున్నం కొట్టిస్తాం. రాసినవాడు దొరికితే నలుగురూ చేరి నిలదీస్తారు. ఇక్కడ గోడే కనబడదు. రాసింది మనిషి కాదంటారు. ఏం రాసుందో చదవనివ్వరు. ఆ గోడకి అద్దె మాత్రం నర్సింగ్ హోమ్ కౌంటర్లో కూర్చునే ఆడపిల్ల జీతంలోంచి ముక్కు పిండి పట్టుకున్నారు. ఫోనులో వాళ్ళు వాగిన ప్రతి వాగుడికీ ముందుగా డబ్బు కట్టింది రేఖ!

ప్రకటన ఆపించేశాం. అయినా ఫోన్లు ఒక్కసారిగా ఆగలేదు. నంబరు కొందరు దాచిపెట్టుకున్నారు, ఒకరికొకరు ఇచ్చుకున్నారు. "సిమ్ము మార్చేద్దామమ్మా" అని రేఖ ఏడ్చింది. జగ్గమ్మ ఒప్పుకోలేదు. "ఎన్నిల్లల్లో గోడల మీద రాసుకున్నారే నా నంబరు? నాను తప్పు సేసినట్టు నానెందుకు మార్సాల? మార్సుకుంటే ఆల్లు నోరు మార్సుకోవాల."

ఒక ఆదివారం మా వసారాలో ఇద్దరం చింతపండు గింజలు తీస్తున్నాం. ఫోను మోగింది. ఎత్తి విన్నది. అవతలివాడు కాస్త ఎక్కువసేపే మాట్లాడాడు. జగ్గమ్మ మొహంలో కోపం రావలసింది, రాలేదు. ఆశ్చర్యపోయినట్టు కళ్ళు చికిలించి గొంతుని గుర్తుపడుతోంది.

"ఒరే బాబూ" అంది నెమ్మదిగా. "కవల గుంటలు బాగున్నారేటి? సిన్నదానికి సెవి ఎనకాల పుండు మానినాదేటి?"

అవతలివాడు ఫోను పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ప్రకటన చూపించింది ఈ ఊళ్ళోనే, చుట్టుపక్కలే. అంటే ఆ వాగినవాళ్ళంతా మన బజారులో తిరిగేవాళ్ళే, మన పిల్లల తండ్రులే. "ఎవడు వాడు? పేరు చెప్పు. నేను వెళ్తాను వాళ్ళింటికి" అన్నాను.

"సెప్పను టీచరమ్మా."

"ఎందుకు? వాణ్ణి కూడా కాస్తావా?"

"ఆణ్ణి కాదు. ఆడి పెళ్ళాం మంచిది. కవలల్ని కని మంచం దిగలేకపోతే నానే లేపి నడిపించినాను. ఆ పిల్లేటి సేసినాది? నాను పేరు సెప్తే ఊరంతా నవ్వేది దాన్ని సూసే."

ఎంత అడిగినా చెప్పలేదు. కోపంలో చింతపండు పళ్ళెం పక్కకి తోసి నేను లోపలికి వెళ్ళిపోయాను. ఆవిడ అక్కడే కూర్చుని ఉన్న గింజలన్నీ తీసి, మూత పెట్టి వెళ్ళింది.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ప్రకటన ఆపిన కొన్నాళ్ళకి రేఖకి కంపెనీ నుంచి మరో మెయిల్ వచ్చింది. మనిషి రాసింది కాదు. మీ ప్రకటన ఆగిపోయి ఉంది, మళ్ళీ మొదలుపెట్టండి, ఈ మాటలు కూడా చేర్చుకుంటే ఇంకా ఎక్కువమంది మీకు ఫోను చేస్తారు అని సలహా. ఆ సలహాలో మొదటి మాట "ఫిమేల్ మసాజ్ ఎట్ హోమ్". మేము వద్దన్నవాటిలో అలాంటిది రాసిచ్చే ఉంటాం. రేఖ జవాబు రాయబోతే ఈ చిరునామాకి జవాబులు పంపరాదని వచ్చింది. ఆ పిల్ల ఫోను బల్ల మీద బోర్లించి పెట్టేసింది.

ఝాన్సీలక్ష్మి ఏం చేసిందంటే, అత్తగారింట్లో ఏమీ అనలేదు. డాక్టరమ్మ ప్రయాణం చెయ్యొచ్చు అనగానే బిడ్డనెత్తుకుని చీపురుపల్లి పుట్టింటికి వెళ్ళింది. వెళ్ళిన సాయంత్రమే ఫోను చేసింది.

"జగ్గమ్మా, పాప ఎవరు పోసినా ఊరుకోవడం లేదు. నువ్వు రావాలి."

"మీ అత్తగారు రావద్దన్నారు కదమ్మా."

"ఇది మా అత్తగారిల్లు కాదు. ఆవేళ ఫోను పట్టుకున్నది నేను. వాడు నోటికొచ్చినట్టు వాగాడు గానీ నువ్వు వాడితో మాట్లాడలేదు. నాకు చెవులున్నాయి."

జగ్గమ్మ పొద్దున్నే పాసింజరెక్కి చీపురుపల్లి వెళ్ళి, మధ్యాహ్నం బండికి తిరిగొచ్చేది. అక్కడ ఆ వీధిలోనే ఇంకో ఇద్దరు బాలింతలు ఆవిణ్ణి కుదుర్చుకున్నారు. అప్పటికి రేఖ నర్సింగ్ హోమ్‌లో డాక్టరమ్మని అడిగి, కౌంటరు పక్క గోడకి తెలుగులో ఒక కాగితం అంటించింది. "పసిపిల్లలకు లాల పోయబడును, బాలింతలకు స్నానం." కింద అదే నంబరు. ఆ కాగితం చూసి ఇంతవరకూ ఒక్క వెధవ ఫోను కూడా రాలేదు.

దాసన్నపేటలో పోయిన ఇళ్ళు మాత్రం తిరిగి రాలేదు. రెండు మూడిళ్ళవాళ్ళు వీధిలో ఎదురైతే నవ్వుతారు, పిలవరు.

పాపకి బోర్లపడటం వచ్చిన రోజుల్లో మనవరాల్ని చూసుకోవడానికి సూర్యకాంతం చీపురుపల్లి వెళ్ళింది. పెరట్లో అడుగుపెట్టేసరికి జగ్గమ్మ కాళ్ళ మీద పాప. తర్వాత జరిగింది నాకు జగ్గమ్మే చెప్పింది.

సూర్యకాంతం పెరటి గుమ్మంలోనే ఆగిపోయింది. అక్కడి నుంచే, "ఏం జగ్గమ్మా, బాగున్నావా?" అంది.

జగ్గమ్మ పాప వీపు రాస్తూనే ఉంది. "బాగున్నానమ్మా. ఆవేళ అడగమన్నాను, నువ్వు అడగలేదు. తలుపేసీసినావు. అది నాను మర్సిపోను."

సూర్యకాంతం ఏదో అనబోయేసరికి పాప ఏడుపు అందుకుంది.

"సెంబు నీ పక్కనే ఉన్నాది" అంది జగ్గమ్మ. "నీల్లు సల్లారిపోతన్నాయి. పొయ్యి."

సూర్యకాంతం కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చెంబు తీసుకుని, వంగి నీళ్ళు పోసింది.